రంగం వదిలిన వాళ్ళకు అన్నం పెట్టిందెవరు?

(మింగళ తౌంగ్‌న్యున్‌లో జరిగిన వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

వారానికి దొరికే ఒక్క సెలవునూ వదులుకుని, వానలో తడుస్తూ వచ్చారు. వెనకాల వంట దగ్గరున్న ఆడవాళ్ళకు నా మాటలు వినబడవు గానీ, వాళ్ళకు అందరికన్నా ముందు నమస్కారం.

పోయిన నెల కమిటీ కూర్చున్నప్పుడు ఒక తమ్ముడు నన్ను అడిగాడు. "బాబాయ్, మన నిధి మనకే చాలట్లేదు. ఒకడికి కాలు విరిగితే ఆస్పత్రి ఖర్చు, ఒకడు పోతే శవాన్ని ఊరికి పంపే ఖర్చు. యుద్ధంలో ఇళ్ళు పోయినవాళ్ళకి మనమేం ఇస్తాం? మనం వచ్చింది బతకడానికి కదా" అన్నాడు. న్యాయమైన మాటే. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇవాళ చెప్తాను.

మా తాత రంగం ఓడరేవులో బస్తాలు మోశాడు. శ్రీకాకుళం వైపు ముసలివాళ్ళు ఇప్పటికీ యాంగోన్ అనరు, రంగం అనే అంటారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. రేవులో పనిచేసేవాళ్ళు, వీధుల్లో నిలబడి చూస్తున్నవాళ్ళు వందల్లో చచ్చిపోయారు. రెండు రోజులకే మళ్ళీ వేశాయి. అప్పుడు మొదలైంది నడక. ఓడ టిక్కెట్టు కొనగలిగినవాడు ఓడెక్కాడు. కూలివాడు ప్రోమ్ దాకా పోయి, తౌంగుప్ కనుమ దాటి, అరకాన్ తీరానికి చేరి, అక్కడి నుంచి పడవల్లో చిట్టగాంగ్ వైపు పోయాడు. ఆ దారిలో నీళ్ళు లేవు, కలరా ఉంది. తర్వాత వెళ్ళినవాళ్ళు టాము, ఇంఫాల్ మీదుగా దీమాపూర్‌కి నడిచారు. ఇంకా ఆలస్యమైనవాళ్ళు హుకాంగ్ లోయ బురదలో పడి లీడో వైపు పోయారు. మొత్తం నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా వదిలారని చరిత్రకారులు లెక్క కట్టారు. దారిలో రాలిపోయినవాళ్ళు పదివేలకు తక్కువ ఉండరు. టాము దారిలో తెల్లవాళ్ళకొక బాట, మనవాళ్ళకొక బాట పెట్టారు. అదీ మర్చిపోకూడదు.

మా నాయనమ్మ మాత్రం చావుల గురించి ఎక్కువ చెప్పేది కాదు. అన్నం గురించి చెప్పేది. "కొండ దిగాక ఒక పాకలో వేడి గంజి పోశారు. ఎవరో ఏమిటో, ఏ భాషో తెలీదు. ఉప్పు కూడా వేశారు" అనేది. ఆ ఉప్పు సంగతి ప్రతిసారీ చెప్పేది. పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. అస్సాం తేయాకు తోటల యజమానుల సంఘం తోట కూలీలను ఆ దారుల్లోకి పంపి పాకలు వేయించింది, బియ్యం మోయించింది. గంజి పోసిన చేతులు కూడా కూలీల చేతులే, ఇంటికి దూరంగా వలస వచ్చినవాళ్ళవే. చచ్చీచెడీ తీరం చేరిన మనవాళ్ళకు ఊరు కూడా చల్లగా లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి.

ఇంకో మాట కొందరి మనసులో ఉంది, పైకి అనరు. "1930 మే నెలలో రేవు కూలీల సమ్మె తర్వాత మన తెలుగువాళ్ళని ఈ ఊళ్ళోనే నరికారు కదా" అని. నిజమే, నరికారు. రేవు పని విషయంలో ఒక కూలీని ఇంకో కూలీ మీదికి తోలితే జరిగిన ఘోరం అది. ఇవాళ చెట్టు కింద టార్పాలిన్ వేసుకుని పడుకున్న పిల్లకి దానితో ఏం సంబంధం?

2021 ఫిబ్రవరి 1 తర్వాత ఈ దేశం ఎలా అయిందో మీ కళ్ళతో చూస్తున్నారు. దేశంలోపలే ఇల్లు వదిలి తిరుగుతున్నవాళ్ళు 35 లక్షలకు పైనే అని ఐక్యరాజ్యసమితి 2025లో చెప్పింది. అదే ఏడాది మార్చి 28న భూకంపం వచ్చి సగాయింగ్, మాండలేలలో మిగిలినవాటినీ కూల్చింది. అంతకు రెండు వారాల ముందే, డబ్బు లేక పది లక్షలమందికి పైగా తిండి సాయం ఆపేస్తున్నామని ప్రపంచ ఆహార కార్యక్రమం ప్రకటించింది. పెద్ద సంస్థల సంచే ఖాళీ అయినప్పుడు మన చిన్న సంచి ఎందుకు అంటారా? మా నాయనమ్మ తాగింది ఒక్క గిన్నె గంజే.

ఇక ఎలా ఇవ్వాలో వినండి, చిక్కంతా అక్కడే ఉంది. రెండేళ్ళ కిందట మనం పాత బట్టలు పోగుచేశాం. ఆ ఆలోచన నాదే. పదకొండు మూటలయ్యాయి. లారీ దొరకలేదు, వానకి తడిసి బూజు పట్టాయి, చివరికి పారబోయడానికి మనమే డబ్బు కట్టాం. కోట్లు, సూట్లు, ఒక పెళ్ళి షేర్వాణీ కూడా ఇచ్చారు ఎవరో! ఈసారి బట్టలు వద్దు. బియ్యం, నూనె, ఉప్పు, సబ్బు, ఆడవాళ్ళకు నెలసరి ప్యాడ్లు, దోమతెర, ఇవి చాలు. అదీ ముందు అడిగి, వాళ్ళు కావాలన్నదే కొనాలి.

ఫోన్లో వచ్చిన ఏదో నంబరుకి డబ్బు పంపకండి. ఇక్కడ ఎవరికి డబ్బు పంపావన్నదాన్ని బట్టే జైలుకి పోయినవాళ్ళున్నారు. మనం పరాయి దేశస్థులం, వీసా మీద ఉన్నవాళ్ళం. నిర్వాసితులను ఉంచుకున్న బౌద్ధ మఠానికి సరుకు మనమే తీసుకెళ్ళి ఇద్దాం, లేదా రెడ్‌క్రాస్‌కి రసీదు మీద ఇద్దాం. చతుదిసా అని పండక్కి వచ్చేపోయేవాళ్ళకి ఉచితంగా అన్నం పెట్టే జనం వీళ్ళు. ఇవ్వడం వాళ్ళకి మనం నేర్పక్కర్లేదు, వాళ్ళ వరసలో నిలబడితే చాలు. అక్కడ ఎవరి ఫోటోలూ తీయకండి. పారిపోయి వచ్చినవాడి ముఖం ఫేస్‌బుక్‌లో పెడితే వాడి ఊళ్ళో ఉన్న తల్లికి ప్రమాదం.

తమ్ముడి ప్రశ్నకి జవాబు ఇది. సంక్షేమ నిధిలో ఒక్క క్యాట్ కూడా ముట్టుకోం. కాలు విరిగినవాడి డబ్బు వాడిదే. దీనికి వేరే డబ్బా, వేరే పుస్తకం. నెలకి ఒక టీ ఖర్చు ఎవరిష్టమైతే వాళ్ళు వేయండి. ఇవ్వలేనివాళ్ళ పేర్లు ఎవరూ అడగరు. డబ్బా తాళంచెవి నా దగ్గర ఉండదు, ప్రశ్న అడిగిన ఆ తమ్ముడి దగ్గరే ఉంటుంది. లెక్క ప్రతి నెలా గోడకి అంటిస్తాం.

డబ్బా గుమ్మం పక్కన బల్ల మీద ఉంది. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి మొదటి బస్తాలు పోతాయి. మోయడానికి ఆరుగురు కావాలి, పేర్లు భోజనాలయ్యాక ఇవ్వండి.