తొలిసారి స్థలము కొనువారికి

చేతిలో నాలుగు రూకలు మిగిలినప్పుడు భూమి మీద పెట్టవలెనను కోరిక మన డెల్టావారికి కొత్తది కాదు. తెనాలిలో వర్తకుడైనను, బాపట్లలో అధ్యాపకుడైనను, రేపల్లెలో రైతైనను ముందుగా తలచునది ఒక నివేశన స్థలమునే. అయితే స్థలము చూచి మురిసినంతసేపు కాగితములు చూచువారు తక్కువ. చిక్కులు అక్కడనే మొదలగును.

మొదట కొలత. ఇచ్చట ధర తరచు సెంటుకు చెప్పుదురు. దస్తావేజులో చదరపు గజములు వ్రాయుదురు. ఎకరమునకు 100 సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజములు. అనగా అయిదు సెంట్లు 242 గజములు. టేపుతో కొలిపించి, నాలుగు హద్దులను దస్తావేజుతో సరిచూచుకొనవలెను.

రెండవది హక్కు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములో ఇ.సి. తీయగానే పని ముగిసినదని తలపరాదు. అది రిజిస్టరైన లావాదేవీలనే చూపును. నోటిమాట పంపకము గాని, అసలు పత్రములు కుదువపెట్టి తెచ్చిన అప్పు గాని, కోర్టులోని వ్యాజ్యము గాని అందులో కనబడకపోవచ్చును. కనుక అసలు దస్తావేజును, వెనుకటి లింకు దస్తావేజులను కన్నులార చూడవలెను. ప్రభుత్వము పేదలకిచ్చిన పట్టా భూముల అమ్మకముపై 1977 చట్టము ఆంక్షలు విధించినది. కాబట్టి నిషేధిత భూముల జాబితాను కూడ చూడవలెను.

పిత్రార్జితమైనచో ఆడపడుచుల సంతకము మరువరాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుండి అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు కలిగినది. 2005 కేంద్ర సవరణ వివాహితలకును దానిని విస్తరించినది. “అక్కయ్య అత్తవారింట నున్నది, ఆమెతో పనియేమి?” అను అమ్మకందారు మాట నమ్మినచో, కొన్నది స్థలము కాదు, వ్యాజ్యము.

500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటులో కొనునప్పుడు, 2016 చట్టము ననుసరించి అది ‘రెరా’లో నమోదైనదో లేదో విచారింపుడు. అట్టి చోట ఒప్పందము రిజిస్టరు కాకముందు ధరలో పదవ వంతుకు మించి బయానా పుచ్చుకొనరాదని ఆ చట్టమే చెప్పుచున్నది.

చివరిది నేల. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను మన తీరము మరువలేదు. పల్లపు స్థలమును వేసవిలో గాక, ఆశ్వయుజ కార్తీకముల వానలలో చూడుడు. నీరు నిలిచినదో, దారి మిగిలినదో నేలయే చెప్పును.

భూమి ఎక్కడికిని పోదు. తొందర అమ్మువానిది, ఓపిక కొనువానిది కావలెను.