బడి మాఱిన బిడ్డ
(వార్షికోత్సవ సభలో తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాం సీమలో అధికభాగము మదరాసు రాజధానినుండి విడివడి ఒరిస్సా రాష్ట్రమున చేరినది. అస్కాలోని మన కుటుంబములకు ఇంటి భాష యొకటి, కచేరీ భాష మఱియొకటి యైనవి. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింపుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆ దశ దాటినపిదప బిడ్డ యేమగును? నేడు మేము మీతో ముచ్చటింపదలచినది ఈ సంగతియే.

పెద్దబడికి పోయిన మన బిడ్డను అచ్చట ‘తెలెంగా’ యని పిలుతురు. సెలవులలో శ్రీకాకుళమునకో విశాఖకో పోయినచో, వాని మాటలోని ఒడియా యాస విని చుట్టాల పిల్లలు నవ్వుదురు. ఇటు చెందక, అటు చెందక, తనకు తెలిసినదంతయు తప్పేమో యను శంక వానిలో పుట్టును. అట్టివానికి మొదట నవ్వి పలుకరించినవాడే ఆప్తుడై తోచును. జ్యామెట్రీ పెట్టె పట్టుకొనిపోయినవాడు తిరిగి యీయకున్నను, మఱునాడు కలమడిగిన కాదనలేడు. చేరదీసిన పెద్దపిల్లలు చెప్పిన కట్టుకథను నమ్మి తండ్రి సెల్‌ఫోనుకు వచ్చిన ఓటీపీని సైతము చెప్పివేయును. ఇంట మనము ‘వెఱ్ఱిబాగులవాడు’ అని విసుగుకొందుము. లెక్కలలో నూటికి తొంబది తెచ్చుకొను బాలుడు తెలివిలేక మోసపోయెనా?

అమెరికాలో సాలమన్ ఆష్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1951లో ప్రకటించిన పరీక్ష యొకటి గలదు. గీతల పొడవు పోల్చి చెప్పుటయే పని, పసివాడును చెప్పగలడు. ముందుగా కుదుర్చుకొన్నవారు వరుసగా తప్పు చెప్పగా, ఆ గుట్టు తెలియని కళాశాల విద్యార్థులు తమ కన్నులను విడిచి వారి మాటనే పలికిరి. ఇట్టి సమాధానములు ఇంచుమించు మూడింట ఒకవంతు. నలుగురిలో ముగ్గురు ఒక్కసారియైనను లొంగిరి. అయితే నిజము పలుకు తోడు ఒక్కడు దొరకినంతనే ఆ లొంగుబాటు నాలుగవవంతునకు తగ్గినది. ఈ ఆష్ 1907లో వార్సాలో పుట్టి, పదుమూడవయేట న్యూయార్కు చేరి, ఆంగ్లము సరిగా రాక తరగతిలో బిడియపడి కూర్చుండిన బాలుడే! డికెన్సు నవలలు చదివి ఆ భాష నేర్చెనట.

కొందఱు తండ్రులు ‘మావాడు ఎవరితోనైనను ఇట్టే కలిసిపోవును’ అని సంతసింతురు. మంచిదే. ఆ చెలిమికై వాడేమేమి యిచ్చుకొనుచున్నాడో ఒకమాఱు విచారింపుడు. మఱికొందఱు అంగడివీథిలో తెలుగున పిలిచిన బిడ్డను ‘మెల్లగా మాటాడు’ అని గద్దింతురు. ఇది మాకు మిక్కిలి బాధాకరము. పరుల నవ్వుకంటె కన్నవారి యామాటయే లోతుగా నాటుకొనును. ఒడియా చక్కగా రావలయును; ఋషికుల్య నీరు త్రాగు మనకు అది పరాయిభాష యని మేము తలపము. 1894లో బరంపురమున జన్మించి 1969లో రాష్ట్రపతియైన వి.వి. గిరిగారు మన తెలుగువారే యనియు ఇంట చెప్పుడు.

ఈ యేడు ఇచ్చట చదువు ముగించి ఒడియా పాఠశాలలకు పోవు పిల్లలను ఇద్దఱిద్దఱినైనను ఒకే విభాగమున చేర్పింపుడని కోరుచున్నాము. అందులకు ప్రధానోపాధ్యాయులకు అర్జీ వ్రాయవలసియుండును. వ్రాతలో సాయము కావలసినవారు సభానంతరము మమ్ము కలియవచ్చును.