గుణదల మెట్ల మీద ఒక ప్రశ్న

ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా బెజవాడ గుణదలలో మరియమాత ఉత్సవాలు. మన చల్లపల్లి వైపు నుంచీ జనం వెళ్తారు. తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి, కొవ్వొత్తి పట్టుకుని కొండెక్కేవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లూ బోలెడుమంది. ఇది ఎవరి ఆచారమని అక్కడ ఎవరూ ఆరా తీయరు.

చిక్కంతా నిన్నటిదాకా గీత చదువుకుని, ధ్యానం చేసుకుని, ఇవాళ జ్ఞానస్నానం పొందినవాళ్లది. పాతదంతా వదిలెయ్యాలా? ఇతర మతాల్లోని సత్యాన్నీ పవిత్రతనూ కతోలిక శ్రీసభ తోసిపుచ్చదని రెండో వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. 1969లో మన దేశపు దివ్యబలిపూజకి రోము పన్నెండు మార్పులు అనుమతించింది. వాటి ప్రకారం చెప్పులు విడిచి నేల మీద కూర్చోవచ్చు. మోకరించే బదులు చేతులు జోడించి వంగవచ్చు. కొవ్వొత్తి స్థానంలో నూనె దీపం, ఆపైన హారతి.

అందరికీ ఇది రుచించలేదు. మమ్మల్ని గడప తొక్కనివ్వని గుళ్ల పద్ధతులు మళ్లీ మాకెందుకని దళిత క్రైస్తవుల్లో కొందరు నిలదీశారు. ఆ మాటకు జవాబు చెప్పడం అంత తేలిక కాదు.

ధ్యానం సంగతికొస్తే, 1989లో రోము ఒక లేఖ రాసింది. తూర్పు దేశాల పద్ధతుల్లో పనికొచ్చేవి తీసుకోవచ్చు, కానీ ప్రార్థనంటే దేవుడితో మనిషి సంభాషణ అన్నది మరుగున పడకూడదంది. కాబట్టి పద్మాసనం వేసుకుని జపమాల చెప్పుకోవడానికి అడ్డేమీ లేదు. పునర్జన్మ నమ్మకం మాత్రం పొసగదు. మిగతా సందేహాలు మీ విచారణ (పారిష్) గురువుగారినే అడగండి.