నరములును, వానిని బ్రతికించు ద్రవ్యమును
(రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



కాలిలో ముల్లు గ్రుచ్చుకొనగనే ఆ వార్త మెదడునకు చేరుచున్నది. వార్తను మోయు నరపుతీగ వెన్నెముక ప్రక్కనున్న యొక సూక్ష్మకణమునుండి బయలుదేరి అరికాలివరకు సాగియున్నది. గర్భస్థశిశువునందే అంతదూరము పోయిన ఆ తీగను, దానిని పంపిన కణమును పోషించినదేది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో అగ్రగణ్యురాలు ఇటలీ దేశస్థురాలగు రీటా లెవీ మోంటాల్చీని.

ఈమె 1909లో ట్యూరిన్ నగరమున జన్మించి, 1936లో వైద్యపట్టము నందెను. 1938లో ముస్సోలినీ ప్రభుత్వము యూదులను విశ్వవిద్యాలయములనుండి వెడలగొట్టగా, యూదురాలగు నామె తన పడకగదినే ప్రయోగశాలగా నొనర్చుకొనెను. కుట్టుసూదులకు పదునుపెట్టి శస్త్రములుగా వాడెను. కోడిగ్రుడ్లే పరిశోధనా వస్తువులు. బాంబులకు వెరచి పల్లెకు తరలినప్పుడును పని విడువలేదు. పరిశోధన ముగిసిన గ్రుడ్లు పిదప వంటకు పనికివచ్చెడివట!

గ్రుడ్డులోని పిల్లకు మొలవనున్న కాలినో రెక్కనో తొలగించినచో, దానికి పోవలసిన నరకణములు పుట్టియు నశించుచున్నవని ఆమె కనుగొనెను. అంతకు పూర్వమే ఈ విషయమును పరిశోధించిన హాంబర్గర్ పండితుడు, అట్టి కణములు అసలు రూపొందనే లేదని తలచియుండెను. అయినను ఆయన అసూయపడక, ఆమెను 1947లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమునకు రప్పించుకొనెను. పండితులలో ఇట్టి గుణము తరచుగా కానరాదు.

అచ్చట ఎలుక కంతిముక్కను కోడిపిండమున నాటగా, నరములు గుంపులుగా దానిలోనికి చొచ్చెను. 1952లో రియో డి జనీరో నగరమున గాజుపాత్రయందు కంతిముక్క చెంత నరకణముల నుంచి చూడగా, వానినుండి తీగలు సూర్యకిరణములవలె వెడలినవి. కంతినుండి యేదో ద్రవ్యము స్రవించుచున్నదనుట స్పష్టమయ్యెను.

ఆ ద్రవ్యమును వేరుపరచుటకు పూనుకొన్నవాడు స్టాన్లీ కోహెన్. అందలి యితర పదార్థములను విరుగగొట్టుటకై ఆయన కొంచెము పామువిషము కలిపెను. ఆశ్చర్యము! నరములు మునుపటికన్న విస్తారముగా పెరిగెను. ఆ ద్రవ్యము విషమునందే యధికముగా నున్నది. హాలాహలము పుట్టిన పాలకడలియందే అమృతమును పుట్టెనని మన పురాణములు చెప్పుచుండలేదా? పాము విషకోశము లాలాజలగ్రంథివంటిదే కదా యని మగయెలుక లాలాజలగ్రంథులను పరీక్షింపగా, అచ్చటను పుష్కలముగా లభించెను. అది యొక మాంసకృత్తు. 1986లో ఆ యిరువురకు నోబెల్ బహుమానము లభించినది.

శరీరము మొదట అవసరమునకు మించి నరకణములను పుట్టించును. అవయవములు స్రవించు పోషకము మాత్రము పరిమితము. తీగను అవయవమునకు చేర్చి, తన పాలు పొందిన కణము బ్రతుకును, తక్కినవి నశించును. కండరములను కదల్చు నరకణములలో సుమారు సగము ఈ విధముగనే పోవును. జమాఖర్చు వ్రాయువారికి ఇది దుబారాగా తోచును. కాని యే అవయవమునకెన్ని నరములు వలయునో ముందుగా లెక్కగట్టువారు లేనిచోట, ఇంతకన్న సరియైన పంపక మేది?

రీటా కనుగొన్న ద్రవ్యము నొప్పిని తెలుపు నరములకును, గుండెవేగమును హెచ్చించు నరములకును చెందినది. కండరములను కదల్చు నరములకు వేరు పోషకములు గలవు. కండరమునకు ఇన్సులిన్‌ను పోలిన యొక ద్రవ్యము వృద్ధి నొసగును. గాయమైనప్పుడు కండరపుపోగుల నంటి నిద్రించు చిన్నకణములు మేల్కొని లోటును పూరించును. వృద్ధికి అడ్డుకట్టయు నున్నది. దానిపేరు మయోస్టాటిన్, 1997లో బయల్పడినది. అది సరిగా పనిచేయని బెల్జియందేశపు నీలిజాతి పశువులకు కండలు మితిమీరి పెరుగును. చూచుటకు ముచ్చటయే, కాని ఆ యావులలో పెక్కింటికి కడుపుకోసి దూడను తీయవలసివచ్చుచున్నది.

మరి ఈ పోషకమును సూదిమందుగా నెక్కించినచో నరము తెగినవాడు లేచి నడచునా? నడువడు. ఎక్కించుకొన్న రోగులకు నొప్పులు హెచ్చెను. నొప్పిని మోయు నరములను మేల్కొలుపుట దాని స్వభావము. కంటి నల్లగ్రుడ్డుపై నుండు పారదర్శకమైన పొరయందు నరములు చెడి పుండుపడినవారికి మాత్రము ఇది చుక్కలమందై 2017లో ఐరోపాలోను, 2018లో అమెరికాలోను అనుమతి పొందినది. దినమునకు ఆరుమారులు, ఎనిమిది వారములు వేయవలెను.