వైద్యమునందు త్రిపరిమాణ ముద్రణము



ముద్రణమనగానే గ్రంథాలయమునకు వచ్చువారికి తోచునవి కాగితము, సిరా, అచ్చు. అక్షరము లొకసారి కూర్చినచో వేయి ప్రతులు తీయవచ్చును. వేయియు నొక్క తీరుగనే యుండును. వైద్యశాలలలో ప్రవేశించిన త్రిపరిమాణ ముద్రణపు స్వభావము వేరు. అది తీయునది సాధారణముగా ఒక్క ప్రతియే. అది ఒక్క రోగికే సరిపోవును. ప్రక్కమంచము మీది వానికి పనికిరాదు.

1983లో అమెరికా దేశస్థుడు చార్లెస్ హల్, వెలుగు సోకిన గట్టిపడు ద్రవమును అతినీలలోహిత కిరణములతో పొరపొరగా గట్టిపరచి ఒక చిన్న వస్తువును చేసెను. 1986లో ఆ పద్ధతికి పేటెంటు లభించెను. తరువాత ప్లాస్టిక్కును కరగించి పొరలుగా పోయు యంత్రములును, టైటేనియము పొడిని లేసరు కిరణముతో కరగించి అతుకు యంత్రములును వచ్చెను. మేస్త్రి గోడకు వరుసపై వరుస పేర్చునట్లే ఇదియు. అయితే ఇచ్చట వరుస మందము మిల్లీమీటరులో ఏ పదవవంతో. సి.టి. స్కాను శరీరమును సన్నని అడ్డుకోతలుగా చూపును. కంప్యూటరు వానిని మరల పేర్చి ఎముక రూపమును కట్టును. యంత్రము ఆ రూపమును వస్తువుగా చేయును.

ఇది క్యాన్సరును నయము చేయదు. ఆ మాట ముందే చెప్పవలెను. పత్రికల శీర్షికలు చదివినవారికి ఆ భ్రమ కలుగుట సహజము. కణితిని తొలగించునది శస్త్రవైద్యుని కత్తియే. అయితే ఆ కత్తి కణితి చుట్టునున్న మంచి భాగమును గూడ కొంత తీయక తప్పదు. తీసినచోట మిగిలిన ఖాళీని పూరించుటయే కష్టము.

నోటి క్యాన్సరును తీసికొనుడు. పొగాకు వాడుక హెచ్చుగా నున్న దేశమున ఇది క్రొత్త వ్యాధి కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని కాల్చు అడ్డపొగ అలవాటు స్త్రీలలో నుండుటయు, దానివలన అంగిట క్యాన్సరు పుట్టుటయు వైద్యు లెరిగినవే. క్రింది దవడలో కొంత కోసివేసినచో, మోకాలి క్రింద పెద్దయెముక ప్రక్కనుండు సన్నని యెముకను రక్తనాళముతో సహా తెచ్చి అతుకుదురు. నిటారు ఎముకను వంపుగల దవడగా చేయుటకు పలుచోట్ల కోణము తప్పక కోయవలెను. పూర్వము ఇది చాలవరకు శస్త్రశాలలో కంటికొలతతో జరుగు పని. నేడు రోగి దవడ నమూనాను ముందే ముద్రించి, లోహపు పట్టీని దానిపై వంచి యుంచుకొందురు. రంపము నడువవలసిన దారి చూపు చట్రమును గూడ ముద్రింతురు. శస్త్రచికిత్స వేళ తగ్గును, పండ్ల వరుస కుదురును.

అంగిలి తీసినవారి బాధ వేరు. త్రాగిన గంజి ముక్కులోనికి వచ్చును, మాట తెలియదు. ఆ రంధ్రమును మూయు పలకను దంతవైద్యులు చిరకాలముగా చేయుచునే యున్నారు. కాని మెత్తని ముద్ద పెట్టి కొలత తీయుటకు నోరు తెరవవలెను గదా! రేడియేషను పిదప పలువురి దవడలు బిగిసిపోవును. అట్టివారికి స్కాను కొలతలతోనే పలక చేయు మార్గ మేర్పడినది.

2014లో బీజింగునందలి పెకింగ్ విశ్వవిద్యాలయ మూడవ వైద్యశాలలో, పండ్రెండేండ్ల బాలుని మెడలో క్యాన్సరు పట్టిన రెండవ వెన్నుపూసను తీసి, ముద్రించిన టైటేనియపు పూస నమర్చిరి. ప్రక్కయెముక లోనికి పెరిగి పట్టుకొనుటకై దానిలో సన్నని రంధ్రము లుంచిరి. 2015లో స్పెయిను దేశపు సలమాంకాలో ఒక రోగికి రొమ్ముటెముకను, కొన్ని ప్రక్కటెముకల భాగములను ఇట్లే అమర్చిరి. వానిని ముద్రించినది ఆస్ట్రేలియాలో.

సజీవ కణముల ముద్రణ మింకను బాల్యావస్థలోనే యున్నది. 2022లో హైదరాబాదునందు ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, ఐ.ఐ.టి., సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ముద్రించిన కంటిపొరను కుందేటి కంటి కమర్చిరి. గుండెను ముద్రించి మనిషి కమర్చు దినము రాలేదు.

వ్యయము సంగతి యటుంచినను, కాలము చిక్కు ఒకటి కలదు. స్కాను తీసిన దినమునకును శస్త్రచికిత్సకును నడుమ వారములు గడచినచో కణితి పెరుగవచ్చును. అప్పుడు శ్రమపడి ముద్రించిన చట్రము చాలదు. వైద్యుడు దానిని ప్రక్కనుంచి మరల కంటికొలతనే నమ్ముకొనవలసి వచ్చును.