నడిచేవారి వీధి
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పండుగపూట రోడ్ల ప్రసక్తి ఏమిటని మీరనుకోవచ్చు. కాని కొత్తబట్టలకని ఈ వారంలో మనలో చాలామంది పాండీబజారుకు వెళ్లివచ్చినవారే గదా! దాని అసలు పేరు త్యాగరాయ రోడ్డు. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉండిన మన పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరది. దాని కొసనున్న పార్కుకు పానగల్ రాజాగారి పేరు. 1920ల్లో మాంబలం చెరువు నేలలో వెలసిన పేట ఇది. మోటార్లు పెరిగేకొద్దీ అక్కడ నడిచేవారికి చోటు కరువైంది. మన ఇళ్లలో పెద్దలు బజారుకు పోవడం మానుకున్నది కాళ్లు సహకరించక మాత్రమే కాదు, రోడ్డు దాటలేక.

2019 నవంబరులో ఆ వీధి కొత్తరూపు దాల్చింది. వాహనాలను పూర్తిగా ఆపలేదు. వాటి దారి తగ్గించి, కాలిబాటలు వెడల్పు చేసి, కూర్చునేందుకు ఆసనాలు వేశారు. దారి ఇరుకైతే రాకపోకలు స్తంభించవా అని శంక కలుగుతుంది. లెక్క చూడండి. రెండు మూడు కార్లు పట్టేచోటే ఒక బస్సుకు చాలును. ఆ కార్లలో నలుగురైదుగురుంటే, బస్సులో యాభైమంది ఉంటారు. రోడ్డు పెంచినకొద్దీ కొత్త కార్లు వచ్చి నిండుతవి. కనుక వీధిని కొలవవలసింది బండ్లతో కాదు, మనుషులతో.

అయితే మనుషులంటే కొనేవారేనా? ఆ కాలిబాటపై సరుకులమ్ముకొనే చిన్నవర్తకులను 2013లో మేడకట్టడంలోకి మార్చారు. దారినపోయేవాని చేతికందే సరుకు మేడెక్కితే, వెదకి పోయి కొనేవారెందరు? 2014 నాటి కేంద్రచట్టం ప్రకారం పట్టణ విక్రయ సంఘంలో కనీసం 40 శాతం సభ్యులు వీధివర్తకుల ప్రతినిధులే కావాలి. వీధి రూపు మార్చేముందు వారి మాట వినడం దయ కాదు, న్యాయం.

ఇక మన వంతు. ఐదు నిమిషాల పనేగదా అని స్కూటరును కాలిబాటపై నిలిపేవారిలో మనమూ ఉన్నాము. ఆ ఐదు నిమిషాలూ ఒక ముసలమ్మ రోడ్డు మీదికి దిగి నడవాలి.

కారులో పోతే ఎవరూ ఎదురుపడరు. నడిస్తేనే పక్కన తెలుగుమాట వినబడి, “మీదే ఊరండీ?” అని పలకరించగలము. ఈ ఊళ్లో మన పరిచయాలెన్నో అలా కలిసినవే. ఆ కాలిబాటను కాపాడుకొందాము.