నైరూప్య చిత్రంలో దైవం: ఒక పాత పేచీ

ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ డ్రాయింగు మాస్టారి గొప్పతనం గురించి నాకు ముందు మాట్లాడినవారు చెప్పవలసిందంతా చెప్పారు. నాకు గుర్తున్నది వేరు. ఆయన పాస్టెల్ పెట్టె ఎరువిచ్చేవారు. తిరిగి తీసుకునేటప్పుడు విరిగిన ముక్కలు కూడా లెక్కపెట్టుకునేవారు. పిసినారి అనుకునేవాళ్ళం.

నైరూప్య చిత్రకళలోని ఆధ్యాత్మికత అంతా అడయారులోని దివ్యజ్ఞాన సమాజం నుంచి ఎగుమతి అయిందని మాస్టారి నమ్మకం. నాకు ఏనాడూ అది మింగుడుపడలేదు. ఆయన ఇప్పుడు జవాబివ్వలేరు, నిజమే. శిష్యులు ముందు వరసలోనే ఉన్నారు, వారివ్వవచ్చు.

కాండిన్‌స్కీ 1911 నాటి పుస్తకం, 1909లో మోండ్రియన్ దివ్యజ్ఞాన సమాజంలో చేరడం, హిల్మా ఆఫ్ క్లింట్ ఒక గుడి కోసమని 1915 దాకా వేసిన 193 చిత్రాలు మీకు తెలిసినవే. వాటిలోకి వెళ్ళను. సిక్స్‌టెన్ రింగ్‌బామ్ 1970లో కాండిన్‌స్కీ మీద రాసిన గ్రంథం, 1986లో లాస్ ఏంజెలెస్‌లో పెట్టిన పెద్ద ప్రదర్శన మాస్టారి వాదానికి బలం చేకూర్చాయి. ఈ చిత్రకారులు దివ్యజ్ఞాన గ్రంథాలు చదివారన్నది కాదనను. చదివినందువల్లే చిత్రానికి పవిత్రత వచ్చిందంటే మాత్రం ఒప్పుకోను.

దివ్యజ్ఞాన సమాజ నాయకులు అనిబిసెంట్, లెడ్‌బీటర్ కలిసి రాసిన ‘థాట్ ఫార్మ్స్’ తెరిచి చూడండి. భక్తికి నీలం, ఆప్యాయతకు గులాబీ, బుద్ధికి పసుపు అని రంగుల పట్టికే ఇచ్చారు. సిద్ధాంతమే పవిత్రతను తెచ్చేదైతే ఆ పుస్తకంలోని బొమ్మల ముందు మనం మోకరిల్లాలి. ఎవరైనా మోకరిల్లారా?

1915లో పెట్రోగ్రాడ్ ప్రదర్శనలో మలేవిచ్ తన నల్ల చతురస్రాన్ని గది మూలన, పైకప్పు కింద తగిలించాడు. రష్యన్ ఇళ్ళలో దేవుడి పటం ఉండే చోటు అది. మలేవిచ్ మీద రష్యన్ మార్మిక రచయిత ఊస్పెన్‌స్కీ ప్రభావం లేదా అని మాస్టారి పక్షంవారు అడుగుతారు. పోనీ, ఉందనే అనుకుందాం. ఆ మూల చూపించింది ఊస్పెన్‌స్కీ కాదు, రష్యన్ గృహిణి. 1971లో హ్యూస్టన్‌లో తెరిచిన రోత్కో ప్రార్థనాలయంలో 14 చిత్రాలున్నాయి. అక్కడికి వెళ్ళినవాళ్ళు బల్లల మీద కూర్చుని మౌనం పాటిస్తారు. అవే చిత్రాలను బ్యాంకు వరండాలో పెడితే టోకెను కోసం ఎదురుచూస్తారు.

ఇంకొందరు సిద్ధాంతం వదిలి చిహ్నాన్ని పట్టుకుంటారు. బిందువు, త్రికోణం ఉంటే చాలు, అది తాంత్రిక చిత్రం, కాబట్టి పవిత్రం! మన పి.టి. రెడ్డిగారి చిత్రాలను కూడా ఈ కొలతతోనే పొగిడారు. ఆయన పనికి అది అన్యాయం. రాగిరేకు మీద శ్రీచక్రం అంగట్లో ఉన్నంతసేపూ సరుకే. ఇంటికి తెచ్చి, పీటమీద పెట్టి, అర్చన చేశాకే దేవత. గీత మారలేదు, చోటూ వాడుకా మారాయి.

ఇక మాస్టారు ఎరువిచ్చిన ఆ పాస్టెల్ సంగతి. ఆర్థర్ డోవ్ 1912లో న్యూయార్క్‌లోని స్టీగ్లిట్జ్ గ్యాలరీలో ప్రదర్శించిన పాస్టెల్ చిత్రాలను ‘పది ఆజ్ఞలు’ అంటారు. పేరు బైబిలుది, లోపల తెరచాపలు, ఆకులు, గుర్రాల జత. ఆ కాగితాలకు గౌరవం తెచ్చింది పేరు కాదు, పొడి. పాస్టెల్‌లో జిగురు నామమాత్రం. రంగు కాగితం పైన నిలబడి ఉంటుందంతే. వేలు తగిలితే పోతుంది. మన దేవుడికి అభిషేకం చేస్తాం, పసుపు పూస్తాం, హారతి మసి పట్టిస్తాం. పాస్టెల్ ఇవేవీ ఓర్చుకోదు. దానికి దర్శనం ఒక్కటే చెల్లుతుంది. దూరంగా నిలబడి చూడమని చిత్రమే ఆజ్ఞాపిస్తోంటే, అడయారు ప్రసక్తి ఎందుకు?

ఈ దృష్టితోనే నేనిప్పుడు కోస్తా జిల్లాల ఇళ్ళలో, బడుల్లో మిగిలిన పాస్టెల్ చిత్రాల జాబితా తయారుచేస్తున్నాను. ఏ గోడన ఉంది, పూజగదిలోనా, వసారాలోనా, ఎవరు దాని ముందు ఆగుతారు అన్నవి కూడా రాసుకుంటున్నాను. కొన్నిటికి బూజు పట్టింది, కొన్నిటికి అద్దం నేరుగా అంటుకుని రంగు లేచిపోయింది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే మాస్టారి స్మారక సంఘం కార్యాలయానికి ఒక కార్డు రాయండి. ఈలోగా గుడ్డతో తుడవకండి. అద్దానికీ చిత్రానికీ మధ్య సందు ఉండేలా ఫ్రేము కట్టించండి. అద్దం బదులు అక్రిలిక్ షీటు మాత్రం వేయించకండి; దాని స్థిరవిద్యుత్తు పొడిని లాగేస్తుంది.